అయిదుగురు సాక్షులు కావలెను

అందరికీ నమస్కారమండీ. ఇవాళ పోస్టు కొంచెం పెద్దది. ఓపిక లేనోళ్ళు ఒక దణ్ణం బొమ్మ పెట్టేసి వెళ్ళిపోండి, ఏమీ అనుకోను.

మా మున్సిపాలిటీ సంగతి ఇది. ఊరి పేరు రాయను. గోదావరి జిల్లాల్లోదే అనుకోండి, చాలు. పార్టీ పేరు కూడా రాయను. మీకు గిట్టని పార్టీ పేరు పెట్టుకుని చదూకోండి, ఎక్కడా తేడా రాదు.

నా పేరు కొప్పిశెట్టి వీరభద్రం. మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీల షాపు. అంతకు ముందు గోడల మీద రాతలు రాసేవాణ్ణి. అంచేత ముప్ఫై ఏళ్ళుగా మా టౌన్లో ఏ నాయకుడు ఎప్పుడు ఎవరికి దణ్ణం పెట్టాడో నాకు నోటికొచ్చు.

శశిభూషణ్ నాకు అలా పరిచయమేనండి. ఎలక్షన్లు గెలిపించడం అతని వృత్తి. కన్సల్టెంట్ అంటారు. ఏ వీధిలో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరు అలిగారో, ఎందుకు అలిగారో, ఎవరు వెళ్ళి బతిమాలితే దిగొస్తారో అన్నీ చెప్తాడు. అతను గే అన్న సంగతి మా టౌన్లో అందరికీ తెలుసు. దాచుకునేవాడు కాదు. ఆరేళ్ళ క్రితం మా కేబుల్ టీవీలో యాంకరమ్మ నవ్వుతా అడిగింది, "ముప్ఫై రెండొచ్చాయి, పప్పన్నం ఎప్పుడు పెడతారండీ?" అని. అతనూ నవ్వుతానే చెప్పాడు. "మా ఇంటికి రండి, ఇవాళే పెడతాను. పప్పు రాజారత్నం బాగా చేస్తాడు. అయిదేళ్ళుగా ఇద్దరం ఒక ఇంట్లోనే ఉంటున్నాం. నేను గే అండి."

టౌను ఎనిమిది రోజులు అట్టుడికిపోయింది. తొమ్మిదో రోజు ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చింది. ఇంక ఎవరికీ తీరిక లేదు. పైగా అందరికీ అతను కావాల్సొచ్చింది.

రాజారత్నం ఫిజియోథెరపీ డాక్టరు. మా ఆవిడ నూకరత్నం భుజం పైకి లేచేది కాదు, మూణ్ణెల్లు మంత్రం వేసినట్టు తిప్పి బాగుచేశాడు. ఇద్దరూ కలిసి ఊరి చివర పాత మున్సిపల్ టోల్‌గేటు గది బాగుచేసుకుని వారానికి మూడు సాయంత్రాలు తెరిచేవారు. అప్పటి కమిషనర్ గారు నోటిమాటతో వాడుకోమన్నారు. అక్కడికి వాళ్ళలాంటి వాళ్ళే వచ్చేవారండి. ఒక బ్యాంకు క్యాషియరు, ఒక ఆటో ఆయన, నర్సింగు చదివే అమ్మాయి లలితాంబ, ఇంకో ఆరేడుగురు. వచ్చి ఏం చేస్తారయ్యా అని ఒకసారి అడిగాను. "కూర్చుంటారండి," అన్నాడు శశి. "అంతేనా?" అన్నాను. "మీకు కూర్చోడానికి ఊరంతా ఉంది వీరభద్రం గారూ. వాళ్ళకి ఇది ఒక్కటే ఉంది," అన్నాడు. నాకప్పుడు పెద్దగా ఎక్కలేదు.

మొన్నటి ఎన్నికల్లో శశి పనిచేసిన పార్టీ గెలిచింది. మేనిఫెస్టో రాసింది కూడా అతనే. అందులో ఇరవై ఏడో హామీ: ప్రతి మున్సిపల్ కౌన్సిల్లో ఇలాంటివాళ్ళ తరఫున ఒక నామినేటెడ్ సభ్యుడు. ఇరవై ఏడో హామీ దాకా ఎవరు చదువుతారండీ? సంతకం పెట్టినోళ్ళూ చదవలేదు. గెలిచాక ఎవరో చదివారంట. అప్పటికే పుస్తకం అచ్చయిపోయింది.

సరే, ఆర్డరొచ్చింది. సీటు ఒకటి. అర్హత: దరఖాస్తుదారు గే అని తహసీల్దారు ఇచ్చిన ధ్రువపత్రం. ఫారం కొత్తగా తయారుచేసే టైము లేక కులం సర్టిఫికెట్ ఫారంలోనే కులం అన్న చోట గీత కొట్టి గే అని రాశారు. శశికి సీటు మీద మోజు లేదండి. కౌన్సిల్లో ఒక ఓటుంటే టోల్‌గేటు గదిని కాగితం మీద రాయించుకోవచ్చు, రేపెవడైనా వచ్చి ఖాళీ చెయ్యమంటే ఎదురు చెప్పొచ్చు అని అతని ఆశ. "గది నిలబడితే చాలు, కుర్చీ ఎవడికి కావాలి," అనేవాడు.

నన్ను తోడు తీసుకుని ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళాడు. మా ఎమ్మార్వో విశ్వనాథం గారు చాలా నికార్సయిన మనిషి. ఫారంలో కామా తప్పినా ఊరుకోరు.

"దరఖాస్తుదారు తండ్రిగారి ధ్రువపత్రం జతపరచబడలేదు," అన్నారు.

"మా నాన్నగారు గే కాదండి," అన్నాడు శశి.

"పితామహుల పక్షం?"

"కాదండి."

"మాతామహుల పక్షం?"

"మా తాతగారు కొబ్బరికాయల వ్యాపారమండి. పదకొండుమంది పిల్లలు."

"అది రుజువు కాదు," అంటా రాసుకున్నారాయన. "వంశంలో ఎవరికీ లేనిది మీకు ఏ ప్రాతిపదికన సంక్రమించినట్టు?"

"సంక్రమించలేదండి. ఉంది, అంతే."

"ఉంది అంతే అనే కాలమ్ ఫారంలో లేదు." పేజీ తిప్పారు. "జన్మతః ఈ మండలంలోనే గేగా నివసించుచున్నారా, లేక మధ్యలో వలస వెళ్ళారా?"

"చదువుకి నాలుగేళ్ళు వైజాగ్‌లో ఉన్నానండి."

"ఆ నాలుగేళ్ళకూ అక్కడి తహసీల్దారు వారి నిరభ్యంతర పత్రం సమర్పించవలెను. మరియు అయిదుగురు సాక్షులు కావలెను. స్థానికులు, స్వంత ఇల్లు కలవారు, గౌరవనీయులు. సదరు వ్యక్తి గే అని తమకు వ్యక్తిగతంగా తెలుసునని వాంగ్మూలం ఇవ్వవలెను."

"వ్యక్తిగతంగా అంటే ఎంతవరకండీ?" అని అడిగాను నేను.

"అది సాక్షుల విజ్ఞత."

శశి అన్నాడు, "సార్, రాజారత్నం వచ్చి చెప్తాడండి. పదకొండేళ్ళుగా నాతోనే ఉంటున్నాడు. ఆయనకన్నా వ్యక్తిగతంగా ఎవరికి తెలుస్తుంది?"

ఎమ్మార్వో గారు కళ్ళజోడు తీసి మరీ చెప్పారు. "ఆయన లబ్ధిదారు. లబ్ధిదారుల సాక్ష్యం చెల్లదు."

నోటీసు బోర్డులో పెట్టారు. సీటు ఉందన్న సంగతి టౌనంతా పాకింది. చూడండీ, అప్పటిదాకా మా టౌన్లో గే అంటే శశీ, రాజారత్నమే అనుకున్నాం. వారం తిరక్కుండా అరవై ఒక్కమంది బయటపడ్డారు. యాభై ఎనిమిదిమంది అధికార పార్టీ, ముగ్గురు ప్రతిపక్షం. నిజమైన గేలకు అధికార పార్టీలో తీరని అన్యాయం జరుగుతోందని, వారు తమ పార్టీలోకి రావాలని ప్రతిపక్షం వాళ్ళు ప్రెస్ మీట్ పెట్టి పిలుపిచ్చారు. టోల్‌గేటు గదికి వచ్చేవాళ్ళు మాత్రం ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదండి. వాళ్ళ ఇళ్ళల్లో తెలీదు. అసలు అందుకే కదా వాళ్ళకా గది.

ఈ అరవై ఒక్కమందిలో ఒకాయన వాసంశెట్టి బుల్లబ్బాయి. టైల్స్ షాపు ఉంది. భార్య మంగమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. ఇవన్నీ అర్హతలు కావు గానీ ఆయన మా మున్సిపల్ చైర్‌పర్సన్ గారి తమ్ముడు. చైర్‌పర్సన్ ఆవిడే గానీ కుర్చీలో కూర్చునేది ఆవిడ భర్త పడాల సూర్రావు గారు. అంటే బుల్లబ్బాయి సూర్రావు గారికి బామ్మర్ది. ఇంక దరఖాస్తు పరిశీలన అయిపోయినట్టే కదండీ.

అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పమని గోడకి నోటీసు అంటించారు. బుల్లబ్బాయి మీద ఒకే ఒక్కరు వచ్చారు. మంగమ్మ. ఆ రోజు నేను ఫొటో కాపీల కోసం ఆఫీసులోనే ఉన్నాను.

"అభ్యంతరమా తల్లీ?" అన్నాడు వీఆర్వో.

"అభ్యంతరం కాదండి, సందేహం. ఈ సర్టిఫికెట్టు అయిదేళ్ళకేనా, ఎప్పటికీనా?"

"శాశ్వతమండి. కులం లాగే."

"ఓరి నాయనోయ్. మా పెద్దదానికి సంబంధాలు చూస్తున్నామండి! రేపు వియ్యంకులు అడిగితే ఏమని చెప్పను? పెళ్ళికొడుకు వాళ్ళ నాన్న వ్యవసాయం, పెళ్ళికూతురు వాళ్ళ నాన్న ఇదీ అనా?"

అక్కడే ఉన్న సూర్రావు గారు అందుకున్నారు. "చెల్లెమ్మా, నువ్వు మరీను. పదవొచ్చాక సంబంధాలే ఎదురు నడిచొస్తాయి. మా ఆవిడ చైర్‌పర్సన్ కాదూ? ఆవిడ ఒక్క ఫైలైనా ముట్టుకుందా? ఇదీ అంతే. పేరుకి మావాడు. పని ఏమీ ఉండదు."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో మామూలే."

"ఇంట్లో మామూలైతే ఏం లాభం అన్నయ్యగారూ, మామూలుగా కూడా ఏమీ ఉండదు," అనేసి కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. వీఆర్వో ఆ మాటని బుల్లబ్బాయికి అనుకూలమైన సాక్ష్యం కింద రాసుకున్నాడు.

మర్నాడు సూర్రావు గారు నా షాపుకి వచ్చారు. శశి ఫ్లెక్సీ ప్రూఫు చూసుకుంటున్నాడు.

"శశీ, నువ్వు మా ఇంట్లో మనిషివి," అన్నారు. నాకు భయమేసింది. ఆయన ఎవరినైనా ఇంట్లో మనిషి అన్నారంటే వాళ్ళకి ఇంక ఏమీ ఇవ్వరని అర్థం. "అధిష్టానం నిర్ణయం అయిపోయింది. సీటు మావాడికి. అయితే ఎమ్మార్వో విచారణకి ఇంటికొస్తానంటున్నాడు. మావాడు నోరు తెరిస్తే టైల్సు తప్ప ఏమీ రాదు. నువ్వు వాడికి నాలుగు రోజులు ట్రైనింగివ్వాలి. పిల్లికి పులి ఇమేజి తెచ్చినోడివి, వీడికి ఈ ఇమేజి తేలేవా?"

శశి ప్రూఫు పక్కన పెట్టాడు. "మరి నా దరఖాస్తు?"

"పెట్టుకో. ప్రజాస్వామ్యం."

"టోల్‌గేటు గది?"

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ గది ముట్టుకోను. వీరభద్రం సాక్షి."

శశి ఒప్పుకున్నాడండి. కోపం వచ్చింది నాకు. తర్వాత అన్నాడు, "వీరభద్రం గారూ, లలితాంబకి వచ్చే నెల పరీక్షలు. ఆ గదిలో తప్ప ఆ పిల్ల ఎక్కడా ఏడవలేదు. నాకు రోషం చూపించుకునే వీలు లేదండి."

ట్రైనింగు నా షాపులోనే జరిగింది. బుల్లబ్బాయి నోటు పుస్తకం తెచ్చుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదండి. బావ ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాడు, అంతే.

"ఎలా నడవాలండీ?" అన్నాడు.

"ఇప్పుడెలా నడుస్తున్నారో అలాగే."

"చొక్కా?"

"అదే."

"మరి చూసేవాళ్ళకి ఎలా తెలుస్తాదండీ?"

"తెలీదండి."

బుల్లబ్బాయి పెన్ను పెదవి మీద పెట్టుకుని ఆలోచించాడు. "పోనీ మీరూ డాక్టరు గారూ రోజంతా ఏం చేస్తారో చెప్పండి, రాసుకుంటాను."

"పొద్దున్నే పాలు ఎవరు తేవాలని గొడవ పడతాం. ఆయన క్లినిక్కుకి వెళ్తాడు, నేను పార్టీ ఆఫీసుకి. మధ్యాహ్నం ఫోన్ చేసి తిన్నావా అంటాడు. లేదంటే తిడతాడు. సాయంత్రం ఆయనకి నడుం నొప్పి, అందరికీ చేసి చేసి. నేను కాపడం పెడతాను. ఆదివారం ఆయన చర్చికి వెళ్తాడు, నేను బట్టలు ఇస్త్రీ చేస్తాను."

"ఇంకా?"

"ఇంకేముందండీ? కరెంటు పోతే విసురుకుంటాం."

బుల్లబ్బాయి పుస్తకం మూసేశాడు. "ఇది చాలా కష్టమండి. ఇరవై రెండేళ్ళయింది పెళ్ళయ్యి. మంగమ్మ తిందో లేదో నేనెప్పుడూ అడగలేదు."

"ప్రాక్టీసు చెయ్యండి," అన్నాడు శశి.

అక్కడికక్కడే ఫోన్ చేశాడండి. స్పీకర్లో పెట్టాడు. "మంగా, తిన్నావా?"

 అటువైపు నుంచి కేక. "ఏమైందండీ? ఎక్కడున్నారు? ఏ ఆసుపత్రి? పక్కన ఎవరన్నా ఉంటే ఫోనివ్వండి!"

విచారణ రోజు బుల్లబ్బాయి ఇంటి ముందు షామియానా వేశారు. మైకు, కుర్చీలు, వచ్చినవాళ్ళకి పులిహోర. భాగస్వామి ఎవరని ఎమ్మార్వో గారు అడుగుతారేమోనని పార్టీ ఆఫీసు నుంచి ముందుగానే లెటరొచ్చింది, "వాసంశెట్టి బుల్లబ్బాయి గారి భాగస్వామిగా తొమ్మిదో వార్డు కన్వీనర్ సత్తిపండు గారిని నియమించడమైనది. ఈ నియామకం తక్షణం అమలులోకి వచ్చును" అని. సత్తిపండు శాలువా కప్పించుకున్నాడు. అతని అనుచరులు టపాకాయలు కాల్చారు. అతని భార్య పక్కింటావిడతో, "మావారికి ఇన్నాళ్ళకి పార్టీలో గుర్తింపొచ్చింది," అంది.

సాక్షులు అయిదుగురు కావాలంటే రెండొందల పన్నెండుమంది సంతకాలు పెట్టారు. "సదరు బుల్లబ్బాయి గారు గే అని మాకు చిన్నప్పటి నుంచీ వ్యక్తిగతంగా తెలుసును" అని. రైస్ మిల్లు ఆయన పెట్టాడు, రోటరీ ప్రెసిడెంటు పెట్టాడు. మూడో సంతకం నాదేనండి. ఫ్లెక్సీ కట్టడానికి వెళ్ళాను, కాగితం చేతికిచ్చారు, పెట్టేశాను. చదవలేదు అని చెప్పొచ్చు గానీ చదివే పెట్టాను.

అదే రోజు సాయంత్రం శశి వాళ్ళింటికి వచ్చారు విచారణకి. నేనూ అక్కడే ఉన్నాను. షామియానా లేదు. పులిహోర లేదు. మేడ మీద రెండు గదులు. ఆరేసిన బట్టలు. వీఆర్వో చుట్టుపక్కల వాళ్ళని పిలిచాడు.

ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు అన్నారు, "బంగారం లాంటి పిల్లలండి. నాకు పక్షవాతం వచ్చినప్పుడు ఆ డాక్టరు కుర్రాడే నడిపించాడు. నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు."

"ఇక్కడ సంతకం పెట్టండి సార్."

"అబ్బే, సంతకం దేనికండీ. తెలియడం వేరు, రాతకోతలు వేరు," అంటా చెప్పులు వేసుకున్నారు. తన కాళ్ళ మీద తనే నడుచుకుంటా వెళ్ళారు, అది మాత్రం చెప్పుకోవాలి.

ఇంటి ఓనరమ్మ నిజాయితీగా చెప్పింది. "తెలీదని రాసుకోండి బాబూ. తెలుసంటే, తెలిసీ ఇల్లెందుకిచ్చావంటారు."

కూరగాయల బండి దుర్గమ్మ ముందుకొచ్చింది. "నేనేస్తానయ్యా వేలిముద్ర. రోజూ చూస్తన్నాను. ఇద్దరూ కలిసే బేరమాడతారు, బెండకాయలు ఇరిచి మరీ సూస్తారు. మొగుడూపెళ్ళాలు కూడా అంత కలిసుండరు."

"సొంతిల్లుందా?"

"లేదయ్యా."

"గౌరవనీయులు కావాలమ్మా," అన్నాడు వీఆర్వో, చాలా మర్యాదగానే.

శశి నావైపు చూశాడండి. అడగలేదు. అడిగితే బాగుండేది, ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి. నాకు సొంతిల్లుంది. గౌరవం కూడా కాస్తో కూస్తో ఉంది. సూర్రావు గారి ఫ్లెక్సీలు కూడా నా షాపులోనే వేస్తారు. ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అంటా మెట్లు దిగిపోయాను. ఇది రాయడానికే ఈ పోస్టు మొదలెట్టానేమో, నాకే తెలీదు.

వారంలో శశికి ఆర్డరొచ్చింది. "సదరు గుబ్బల శశిభూషణ్ గే అని నిరూపించుటకు తగిన ఆధారములు లభ్యము కానందున, వీరు సాధారణ వ్యక్తి అని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." వాళ్ళమ్మగారు పల్లెటూర్లో ఉంటారు, పదేళ్ళుగా కొడుకుతో సరిగ్గా మాట్లాడరు. ఎవరో ఈ కబురు చేరవేశారు. ఆవిడ ఆనందంతో ఫోన్ చేసింది. "గవర్నమెంటోళ్ళే రాసిచ్చారంట కదరా నాన్నా, నీకేం లేదని!" రాజారత్నం ఇది చెప్తా నవ్వాడు. శశి నవ్వలేదు. వాళ్ళమ్మ అంత ప్రేమగా మాట్లాడి పదేళ్ళయింది మరి.

కౌన్సిల్ మీటింగు రోజు సందర్శకుల బల్ల మీద శశీ, రాజారత్నం, వెనక నేను. బుల్లబ్బాయి ప్రమాణం చేశాడు. ఎజెండాలో మొదటి అంశం కమిషనర్ గారు చదివారు.

"పట్టణ సమ్మిళిత అభివృద్ధిలో భాగంగా, అణగారిన లైంగిక వర్గాల గౌరవార్థం, పాత టోల్‌గేటు గదిని తొలగించి, ఆ స్థలంలో ఏడు రంగుల సెల్ఫీ పాయింట్ నిర్మించుటకు సభవారి ఆమోదం కోరడమైనది."

శశి బల్ల అంచు పట్టుకున్నాడు.

సూర్రావు గారు బామ్మర్దికి ఒక కాగితం అందించారు. బుల్లబ్బాయి లేచాడు. ఒకసారి శశి వైపు చూసి తల దించేసుకుని చదివాడు. "అధ్యక్షా. మా వర్గం చిరకాల వాంఛ ఈ సెల్ఫీ పాయింటు. ఎన్నో తరాలుగా మా వాళ్ళు ఫొటో దిగడానికి సరైన చోటు లేక కుమిలిపోయారు. గది తొలగించడానికి మా వర్గం తరఫున ఎవరికీ ఎలాంటి అభ్యంతరమూ లేదని మనవి."

బల్లలు చరిచారు. శశి లేచి నిలబడ్డాడు. "నాకు అభ్యంతరం ఉందండి. ఆ గదికి వచ్చేవాళ్ళకి ఉంది. వాళ్ళని ఒక్కమాటైనా అడిగారా?"

కమిషనర్ గారు ఫైలు తిరగేశారు. ఆయన గొంతులో కోపం లేదండి, బాధ్యత ఉంది. "సదరు వ్యక్తి ఆ వర్గానికి చెందినవారు కారని రెవిన్యూ శాఖ నిర్ధారించియున్నది. ఒక వర్గం గురించి ఆ వర్గం వారే మాట్లాడాలన్నది ప్రభుత్వ ప్రగతిశీల విధానం. సాధారణ వ్యక్తులు వారి గొంతును ఆక్రమించుట తగదు. దయచేసి కూర్చోండి."

ఏకగ్రీవం.

బయట సూర్రావు గారిని పట్టుకున్నాను, ఎంతైనా నన్ను సాక్షి పెట్టారు కదా అని. "ముట్టుకోనన్నారు కదండీ!"

"నేనెక్కడ ముట్టుకున్నానయ్యా? జేసీబీ ముట్టుకుంటుంది," అన్నారు. "నీకు ఫ్లెక్సీ ఆర్డరుంది, రేపు రా."

ప్రింటు చేశానండి. పెద్ద సూర్రావు గారు, చిన్న చైర్‌పర్సన్ గారు, మధ్యలో నమస్కారం పెడతా బుల్లబ్బాయి. "అణగారిన వర్గాల ఆశాజ్యోతి." సోమవారం పొద్దున్న గది పడిపోయింది. అరగంట కూడా పట్టలేదు. ఇప్పుడక్కడ ఐ లవ్ అని రాసి మా టౌను పేరు రంగురంగులుగా నిలబెట్టారు. పెళ్ళికి ముందు జంటలందరూ అక్కడికే వెళ్తున్నారు ఫొటోలకి. ఒక ఆడా ఒక మగా.

ఆ మధ్యాహ్నం రాజారత్నం ఆటోలో నా షాపుకి వచ్చాడు. "వీరభద్రం గారూ, ఆరు కుర్చీలు, ఒక చాపా ఉన్నాయండి. నాలుగు రోజులు మీ దగ్గర పెట్టుకోవచ్చా?"

నేను నీళ్ళు నములుతున్నాను. లోపల్నించి నూకరత్నం వచ్చింది. "కుర్చీలు ఇక్కడ పెడితే మరి మనుషులెక్కడ కూర్చుంటారు డాక్టరు గారూ?" అంది. తర్వాత నావైపు తిరిగి, "మేడ మీద గదిలో ఫ్లెక్సీ చుట్టలు తీసి కింద పడేయండి. ఎలకలు తప్ప ఎవరూ వాడట్లేదు," అంది. భుజం బాగయ్యాక మా ఆవిడ చెయ్యి చాలా పైకి లేస్తోంది. ఎదురు చెప్పలేదు నేను.

అలా మూడు సాయంత్రాలూ మా మేడ మీదకి మారాయి. సూర్రావు గారి ఫ్లెక్సీలు పక్క షాపుకి మారాయి.

ఇంక బుల్లబ్బాయి సంగతి చెప్పాలి. పేరుకి మాత్రమే అని కదా బావగారు చెప్పారు. కానీ సర్టిఫికెట్టు ఉన్నది ఆయన పేరు మీద. పెళ్ళివారు రెండు సంబంధాలు వెనక్కి తీసుకున్నారు. షాపుకొచ్చే మేస్త్రీలు టైల్సు చూడకుండా ఆయన్ని చూసి నవ్వుకునేవారు. మంగలి షాపులో కూర్చుంటే పక్క కుర్చీలో గీయించుకుంటున్నవాడు సగం గడ్డంతో లేచి వెళ్ళిపోయాడంట. టీ కొట్టు దగ్గర బెంచీ మీద ఇంతకుముందు ఇరుక్కుని కూర్చునేవాళ్ళు, ఇప్పుడు బెంచీ మొత్తం ఆయనకే వదిలేస్తున్నారు. సత్తిపండు ముందే తెలివిగా పార్టీ మారిపోయాడు.

రద్దు చెయ్యమని ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళాడు.

"రద్దుకు అవకాశం కలదు," అన్నారు విశ్వనాథం గారు. "మీరు గే కారని అయిదుగురు గౌరవనీయులు వాంగ్మూలం ఇవ్వవలెను. అయితే ఇదివరకు అవునని సంతకం చేసినవారు ఇప్పుడు కాదనిన యెడల తప్పుడు వాంగ్మూలం కింద కేసు నమోదు చేయబడును."

టౌన్లో గౌరవనీయులంటే ఆ రెండొందల పన్నెండుమందేనండి. ఇంకెవరూ మిగల్లేదు. మంగమ్మ వస్తానంది, నిజం నాకు తెలుసంది. లబ్ధిదారు అన్నారు.

మొన్న శుక్రవారం సాయంత్రం షాపు ముందు స్కూటరాపి బుల్లబ్బాయి చాలాసేపు ఫ్లెక్సీలు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"పైన వాళ్ళున్నారాండీ?" అన్నాడు.

"ఉన్నారు."

"నేను వెళ్ళొచ్చాండీ?"

"నన్నడుగుతావేంటయ్యా, వాళ్ళనడుగు," అన్నాను. కానీ ఒక్కణ్ణే పంపలేక వెనకే వెళ్ళాను.

పైన తొమ్మిదిమంది ఉన్నారు. రికార్డు ప్రకారం తొమ్మిదిమందీ సాధారణ వ్యక్తులే. బుల్లబ్బాయి గుమ్మంలో కనబడగానే మాటలు ఆగిపోయాయి. క్యాషియరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. రాజారత్నం చేతిలో టీ ఫ్లాస్కు అలాగే ఉండిపోయింది.

"ఏం కావాలండీ?" అన్నాడు శశి. గొంతులో మర్యాద తప్ప ఏమీ లేదు.

"ఏమీ వద్దండి." బుల్లబ్బాయి గుమ్మం దాటలేదు. "ఊళ్ళో ఎక్కడ కూర్చున్నా పక్కనోడు లేచెళ్ళిపోతున్నాడండి. కాసేపు..."

 లలితాంబకి నోరు ఎక్కువ. "మా గది పడగొట్టించిన ప్రతినిధి గారు వచ్చారు," అంది అందరి వైపూ చూసి. "ఏమండీ, మర్యాదకి అందరం లేచి నిలబడాలేమో?"

బుల్లబ్బాయి రెండు చేతులూ జోడించేశాడు. "వద్దమ్మా," అన్నాడు. "దయచేసి ఎవరూ లేవకండి."

శశి అతన్ని కాసేపు చూసి, పక్క కుర్చీ మీది నుంచి తన సంచి తీసి కింద పెట్టుకున్నాడు.